వెనక్కి నడిచిన వాషింగ్ మెషీన్

2003వ సంవత్సరం, డిసెంబరు నెల. ఎడారి మీంచి హర్మటాన్ గాలి దిగి రెండో వారం. కొఫొరిడువా ఊరంతా బూడిద జల్లినట్టు దుమ్ము పట్టింది. జనం పెదవులు పగిలాయి, చెక్క తలుపులు బీటలిచ్చాయి. పొద్దున ఆరేసిన గుడ్డ గంటలో అప్పడంలా ఎండిపోయి, ఇంకో గంట ఉంచితే మళ్ళీ మాసిపోయేది. ఇంత ఉతుకుడున్న రోజుల్లోనే ఒబిరి ఇంట్లో వాషింగ్ మెషీన్ ఆగిపోయింది.

ఒబిరికి అరవై ఆరేళ్ళు. ముప్ఫయ్యేళ్ళపాటు చుట్టుపక్కల ఊళ్ళలో మొక్కజొన్న మరలు బాగుచేశాడు. ఆ ముప్ఫయ్యేళ్ళలోనూ తన ఇంటి వస్తువు మీద పరాయి మెకానిక్ చెయ్యి పడనివ్వలేదు. రేడియో ఆయనే విప్పేవాడు, గడియారం ఆయనే విప్పేవాడు. విప్పినవాటిలో సగం మళ్ళీ పనిచేశాయి. మిగతా సగం గురించి ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు.

ఆ మెషీన్ టెమా ఓడరేవులో దిగిన పాత సామాన్లలోంచి వచ్చింది. దాని మీద రాసి ఉన్నది ఏ దేశం భాషో ఎవరికీ తెలియదు. మంచి మెషీను. బట్టల్లో నీళ్ళు పిండడానికి డ్రమ్ము జోరుగా తిరిగేటప్పుడు మాత్రం నడిచేది. ముందు కాస్త ఊగి, వైరు గోడలోంచి ఊడబెరుక్కుని, దాన్ని తోకలా ఈడ్చుకుంటూ ముందుకు సాగిపోయేది. కరెంటుతో దానికి పని ఉండేది కాదు. తిరగాల్సినంత సేపూ తిరిగి, ఆగాలనిపించిన చోట ఆగేది. ఒకసారి గురువారం పూసల సంతదాకా వెళ్ళింది. సంతవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చి, ఆగాక నలుగురు పట్టుకుని ఇంటికి తోసుకొచ్చి, "మీ మెషీన్ మా వైపొచ్చింది, అంతా కులాసాయేనా?" అని అడిగి వెళ్ళారు. అప్పట్నుంచి ఉతికే ముందు దాని ఎదురుగా ఫుఫు ముద్దకి దుంపలు దంచే పెద్ద రోలు దొర్లించి పెట్టేవారు. రోలుకి ముక్కు ఆనించి నిలబడి, గుర్రుమంటూ తన పని ముగించేది.

గురువారం పొద్దున సెర్వా బట్టలు వేసి మీట తిప్పింది. సెర్వా ఒబిరి అక్క కూతురు. ముప్ఫయ్యొక్కేళ్ళ మనిషి, మేనమామ ఇంట్లోనే ఉంటూ ముందు గదిలో కుట్టు పని చేసుకుంటుంది.

"మామయ్యా, నీళ్ళు పడుతున్నాయి. డ్రమ్ము తిరగట్లేదు."

"తిరగట్లేదని ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది. చూడు."

ఒబిరి వంగి అద్దంలోంచి చూశాడు. బట్టలు నీళ్ళలో కదలకుండా కూర్చున్నాయి. మోటారు ఉలుకూ పలుకూ లేదు.

"బెడియాకోని పిలవనా? వెనక సందే కదా. అన్నం తిన్నంత సేపట్లో చూసి వెళ్తాడు," అంది సెర్వా, బుట్టలో గుడ్డలు సర్దుతూ, మొహం ఇటు తిప్పకుండా.

"పిలువు. ఇవాళ నా మెషీన్ మీద చెయ్యేస్తాడు. రేపు ఇంకేం అడుగుతాడో నాకు తెలీదనుకున్నావా?"

"అడగవలసింది రెండేళ్ళ కిందటే అడిగాడుగా మామయ్యా. నువ్వే జవాబివ్వలేదు."

"ఇచ్చాను. వాడికి నచ్చలేదు."

బెడియాకో వెనక సందులో రేకుల షెడ్డు వేసుకుని ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ఉండేదీ ఆ షెడ్డులోనే. నెమ్మదైనవాడు, పని వచ్చినవాడు. తల్లి వంశం కూడా వేరే, ఒకే వంశమైతే పెళ్ళికి వచ్చే అడ్డు లేదు. ఒక్కటే లోటు. తల్లి పోయింది, మేనమామలు పోయారు, ఆ వంశంలో మిగిలినవాడు తనొక్కడే. పిల్లనడగాలంటే అబ్బాయి తరఫు పెద్దలు వచ్చి పిల్ల ఇంటి తలుపు తట్టాలి. అబ్బాయి వాళ్ళ వెనక నోరు మూసుకు నిలబడాలి, తన నోటితో తను అడగకూడదు. బెడియాకో చర్చి పెద్దల్ని పంపుతానన్నాడు. ఒబిరి ఒప్పుకోలేదు.

"అరువు తెచ్చిన పెద్దలు నాకొద్దు. వాడింటివాళ్ళు కావాలి. వాడికంటే ముందు పుట్టినవాళ్ళు, వాడితో ఒక కప్పు కింద ఉన్నవాళ్ళు ఒక్కరొచ్చి తలుపు తడితే చాలు. ఆ ఒక్కరూ లేని కొంపకి నా పిల్లనెలా పంపను? రేపు ఇద్దరికీ మాట తేడా వస్తే నేనెవరింటికి వెళ్ళి అడగాలి?"

ఆ మాటలో న్యాయం లేదని ఎవరూ అనలేకపోయారు. అలా రెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు తకొరాడి రేవులో చేపల కోల్డ్ స్టోరేజీ వాళ్ళు బెడియాకోని పనికి రమ్మన్నారు. సోమవారం లారీ ఎక్కుతున్నాడు. ఎక్కితే మళ్ళీ రాడని సెర్వాకి తెలుసు. తను వెళ్ళమననూ లేదు, వద్దననూ లేదు. నాలుగు రోజులుగా ఒకే జాకెట్టు చేతిని కుడుతూ విప్పుతూ ఉంది.

శుక్రవారం పొద్దున్నే ఒబిరి మెషీన్‌ని పెరటి గోడ దగ్గరికి లాగి వెనక రేకు విప్పాడు. ఎనిమిది మరమేకులు. వాటిని ఖాళీ చేపల డబ్బాలో వేశాడు. చేత్తో డ్రమ్ము తిప్పితే తిరిగింది. బెల్టు లాగి చూశాడు, బిగువుగానే ఉంది. అయితే రోగం మోటారులోనే. మోటారు దింపి చాప మీద పెట్టి, దాని రెండు పక్కలా ఉండే బొగ్గు బ్రష్షుల వైపు చూశాడు. కరెంటుని తిరిగే భాగానికి అందించేవి అవే. అరిగి అరిగి వేరుశనగ గింజంత మిగిలాయి. ఒబిరి ముఖం వెలిగింది. మొక్కజొన్న మరలకీ వచ్చే రోగమే ఇది.

రెండు బ్రష్షులకీ రెండు తీగలున్నాయి. ఏది ఎటు ఉండాలో గుర్తుకోసం ఒకదానికి దారం కడదామని ఒబిరి జేబులోంచి ఎర్రదారం తీశాడు. సరిగ్గా అప్పుడే తాటాకు దడి పైనుంచి బెడియాకో తల కనిపించింది.

"పెద్దాయనా, నమస్కారం. బ్రష్షులేనా?"

"నిన్నెవరైనా పిలిచారా?"

"లేదండీ. నీళ్ళ డబ్బా దించుతుంటే కనపడింది. ఆ తీగలకి ఒక గుర్తు పెట్టుకోండి. తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది."

ఒబిరి ఎర్రదారాన్ని మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"ఒరే అబ్బాయీ, నువ్వు పాలు తాగే రోజుల్లో నేను నలభై మరల మోటార్లు విప్పాను. ఒక్కదానికీ గుర్తు పెట్టలేదు."

"చిత్తం పెద్దాయనా."

"చిత్తం అని అక్కడే నిలబడతావేం? నీ ఫ్రిజ్‌లు వేడెక్కుతున్నాయి, పో."

తల దిగిపోయింది. పెరట్లోకి వచ్చిన సెర్వా ఆ దడి వైపే కాసేపు చూసి లోపలికెళ్ళింది.

ఆ మెషీన్‌కి సరిపోయే బ్రష్షులు ఊళ్ళో దొరకవు. ఒబిరి తన పాత ట్రంకు పెట్టె తీసి మొక్కజొన్న మర బ్రష్షులు రెండు బయటికి తీశాడు. ఒక్కోటి సబ్బుబిళ్ళలో సగం ఉంది. మెట్టు మీద కూర్చుని వాటిని సిమెంటుకి రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దడం, తీసి పెట్టి చూడడం, పట్టకపోతే మళ్ళీ రుద్దడం. సిమెంటు మీద ముతక పని అయ్యాక గరుకు కాగితం మీద నున్న చేశాడు. మధ్యాహ్నానికి మోచేతుల దాకా నలుపెక్కాడు. పక్కింటి ఎసీ పులిసిన మొక్కజొన్న పిండితో కెంకే ముద్దలు చేసి అమ్ముతుంది. రెండు ముద్దలు, వేయించిన చేప తెచ్చి ఆయన ముందు పెట్టి నిలబడింది.

"ఏం ఒబిరీ, బొగ్గుల వ్యాపారంలోకి దిగావా?"

"నవ్వు, నవ్వు. రేపు పొద్దున ఇది తిరిగినప్పుడు నీ దుప్పట్లు పట్టుకొస్తావు చూడు."

"దుప్పట్లెందుకులే. మొన్న నువ్వు బాగుచేసిన నా గడియారం ఇప్పటికీ రోజుకి రెండుసార్లు పన్నెండు కొడుతోంది. మధ్యలో ఇంకేం కొట్టట్లేదు."

"పన్నెండు తప్పు కొట్టిందా? లేదుగా?"

సాయంత్రానికి బ్రష్షులు గాడిలో నున్నగా జారాయి. స్ప్రింగులు వెనక నుంచి సరిగ్గా నొక్కాయి. మిగిలినవి తీగలు. ఎడమదేదో కుడిదేదో ఒబిరి కాసేపు చూశాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. తోచినట్టు తగిలించి, ఎనిమిది మరమేకులూ బిగించాడు. డబ్బాలో ఒక్కటీ మిగల్లేదని సెర్వాని పిలిచి మరీ చూపించాడు.

శనివారం పొద్దున పక్క వీధిలో ఒక పెద్దాయన అంత్యక్రియల సభ ఉంది. అలాంటి సభకి ఒంటికి చుట్టుకునే నల్లగుడ్డ ఒబిరికి ఒక్కటే, దాని మీద పోయిన వారపు పామాయిల్ పులుసు మరక. బాగైన మెషీన్‌లో మొదటి ఉతుకు తన నల్లగుడ్డదే కావాలని పట్టుబట్టాడు. చేత్తో ఉతికేస్తానని సెర్వా అంటే వినలేదు. పొద్దున్నే ఎదురుగా రోలు పెట్టి, గుడ్డ వేసి, మీట తిప్పాడు. నీళ్ళు పడ్డాయి. డ్రమ్ము తిరిగింది.

"తిరిగింది!" అని అరిచాడు, దడి అవతలికి వినపడేలా.

అప్పటికే ఒబిరి అక్క డుఫియె, వంశంలో మరో ఇద్దరు ముసలాళ్ళతో కలిసి సభకి వెళ్దామని వచ్చి ముందు గదిలో కూర్చుంది. డుఫియె ఆ వంశానికి పెద్ద. సెర్వాకి కన్నతల్లి. కూతురి పెళ్ళి మాట మేనమామదే గనక రెండేళ్ళూ నోరు మెదపలేదు. తమ్ముడు తయారయ్యేదాకా కాసిని మంచినీళ్ళు తాగుతూ ఎదురుచూస్తున్నారు ముగ్గురూ. ఒబిరి మాత్రం నిక్కరు, బనియను మీద పెరట్లో మెషీన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పిండే జోరు అందుకుంది. మెషీన్ ఊగింది. వైరు ఊడబెరుక్కుంది. అలవాటుగా రోలుకి ముక్కు ఆనించాలి గదా, ఆనించలేదు. వెనక్కి అడుగేసింది. ఇంకో అడుగు. వెనకాల తాటాకు దడి తప్ప ఏమీ లేదు. దడిని దుప్పటిలా మీదేసుకుని అవతల సందులోకి దిగి, వీపు ముందుపెట్టుకుని, సాఫీగా సాగిపోయింది.

"మామయ్యా! నీ గుడ్డ!"

ఒబిరి నాలుగంగలు వేసి ఆగిపోయాడు. ఇంటి పెద్ద నిక్కరు మీద వీధిలో పరుగెత్తకూడదు. పడిపోయిన దడి దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు.

"బెడియాకో! ఒరేయ్, ఆపు దాన్ని!"

షెడ్డులోంచి జవాబొచ్చింది. "నా దగ్గరికే వచ్చింది పెద్దాయనా. షెడ్డులోకొచ్చి నా మంచం పక్కన నిలబడి తిరుగుతోంది."

కెంకే కుండ దగ్గర ఎసీ పొట్ట పట్టుకుని నవ్వింది. సందులో జనం పోగయ్యారు. ఒక రోజంతా బొగ్గు రుద్దిన మనిషికి ఆ నవ్వు కాల్చినట్టయింది.

"ఉండనీ! అంత ఇష్టమైతే అక్కడే ఉండమను! ఇవాళ్టినుంచి అది నీ ఇంటిదే, నాది కాదు. ఎసీ, విన్నావా? ఇచ్చేశానంటున్నాను. నా గుడ్డ మాత్రం తీసి పంపించు!"

"విన్నాను నాయనా, ఊరంతా విన్నది," అంది ఎసీ.

"పెద్దాయనా, తిరుగుతుండగా దీని మూత రాదు. ఆగేదాకా లాక్ పడి ఉంటుంది," అన్నాడు బెడియాకో.

"అయితే దాంతో సహా పట్టుకురా! సభ మొదలవుతోంది!"

బెడియాకో మెషీన్‌ని పట్టుకుని నెమ్మదిగా మలుపు తిప్పాడు. అది వెనక్కి నడుస్తుంది గనక ఏ వైపు వెళ్ళాలో ఆ వైపుకి వీపు పెట్టాలి. కూలిన దడి మీద చక్రం లేని బరువు ఎక్కదు, అందుకని చుట్టూ తిరిగి ముందు వీధిలోంచి తీసుకొచ్చాడు. ఆవు మెడ మీద చెయ్యేసి నడిచినట్టు దాని మీద చెయ్యేసి నడిచాడు. వెనకాల ఎసీ, ఆ వెనకాల సందు సందంతా. ఒబిరి ఇంటి ముందుకి రాగానే, దాని మీద పడ్డ తాటాకు తునకలు ఏరేసి, చొక్కా చేతితో దాని దుమ్ము తుడిచాడు.

తలుపు గడియ వేసి ఉంది. మెషీన్ వీపు తలుపుకి తగిలింది. టక్, టక్, టక్. ఆగింది. మళ్ళీ టక్, టక్, టక్.

లోపలి గదిలో తువ్వాలు వెతుక్కుంటున్న ఒబిరికి మూడు దెబ్బలు వినపడ్డాయి. అరవయ్యేళ్ళ అలవాటు. ఆలోచించకుండా నోరు తెరిచాడు.

"ఎవరది? శాంతేనా? ఏ పని మీద వచ్చారు?"

అంతే. పెళ్ళి అడగడానికి తలుపు తట్టినప్పుడు ఇంటి పెద్ద అడిగే మూడు మాటలూ అవే. ముందు గదిలో ఇద్దరు ముసలాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డుఫియె నీళ్ళ గ్లాసు కింద పెట్టి, లేచి, తలుపు ఒక రెక్క తీసింది.

గుమ్మంలో మెషీన్ గుర్రుమంటోంది. దాని వెనక బెడియాకో, తల వంచుకుని, నోట మాట రాక నిలబడ్డాడు. గుమ్మం పక్కన దాని గొట్టంలోంచి నురగ నీళ్ళు గుబగుబా నేలమీద పారాయి.

"రివాజు తెలిసిన అతిథి," అన్నాడు ముసలాళ్ళలో ఒకాయన. "రాగానే పోయిన పెద్దల పేర నేలకి ధార పోసింది."

"కుర్రాడు కూడా మాట్లాడ్డం లేదు. పద్ధతి తెలిసినవాడే," అన్నాడు రెండో ఆయన.

తువ్వాలు చుట్టుకుని ఒబిరి బయటికొచ్చాడు. "ఏంటీ, ఏంటి జరుగుతోందిక్కడ? నా గుడ్డ ఇచ్చి పొమ్మను!"

"ఉండు తమ్ముడూ. తలుపు తట్టారు, నువ్వు అడిగావు. అడిగిన తర్వాత వినకుండా పంపిస్తే మన ఇంటికి పరువా?" అని డుఫియె మెషీన్ వైపు తిరిగింది. "నువ్వెవరింటి మనిషివి?"

"అది మెషీన్ అక్కా!"

"నిన్నడగలేదు. ఎసీ, ఇదెవరింటిది?"

"అబద్ధమెందుకు చెప్తానమ్మా. ఇందాకే ఒబిరి నలుగురిలో బెడియాకోకి ఇచ్చేశాడు. నన్ను సాక్షి పెట్టాడు కూడా. ఒక కప్పు కింద నిలబడి వచ్చింది, మంచం పక్కనే."

"సరే. అబ్బాయీ, నువ్వు పుట్టిందెప్పుడు? చెప్పు, వయసు చెప్పచ్చు."

"డెబ్బై రెండులో అమ్మా."

"సెర్వా, దీని వీపు మీద రేకుంటుంది చూడు. ఏం రాసుంది?"

సెర్వా మోకాళ్ళ మీద కూర్చుని, తలుపుకీ మెషీన్‌కీ మధ్య తల దూర్చి, గీతలు పడిన రేకుని వేలితో తుడిచింది. మాటలు ఆ తెలియని భాషలోనే ఉన్నాయి గానీ అంకెలు ఎక్కడైనా అంకెలే.

"అరవై తొమ్మిది," అంది.

"మూడేళ్ళు పెద్ద," అన్నాడు మొదటి ముసలాయన, లెక్క తేలినట్టు ముక్కుపొడుం పీలుస్తూ.

మెషీన్ మళ్ళీ తలుపు చెక్కని తట్టింది. ఆగాల్సిన సమయం ఎప్పుడో దాటింది. జవాబు రాలేదు గదా, ఆగలేదు. టక్, టక్, టక్. మోటారులోంచి సన్నగా పొగ లేచింది. మర బ్రష్షులు వేసిన చోట నిప్పురవ్వలు కనిపించాయి. బెడియాకో చెయ్యి ముందుకు చాచి, మధ్యలో ఆపేసి, ఒబిరి వైపు చూశాడు.

"పెద్దాయనా, కాలిపోతోంది. విప్పమంటారా?"

కాలుతున్నప్పుడు కూడా అడిగాడు. ఒబిరి ఆ ఆగిన చెయ్యి వైపు చూశాడు. తర్వాత కింద కూర్చున్న మేనకోడలి వైపు చూశాడు. వేలి కొసన దుమ్ముతో, రేకుని వదలకుండా పట్టుకునే ఉంది.

"నీ ఇంటి మనిషి కాలుతుంటే నన్నడుగుతావేంరా? విప్పు!"

"విన్నారా?" అంది డుఫియె.

"విన్నాం," అన్నారు ముసలాళ్ళిద్దరూ.

తనేమన్నాడో ఒబిరికి అప్పుడర్థమైంది. వెనక్కి తీసుకుందామనుకున్నాడేమో, ఒక క్షణం ఆలోచించాడు. కానీ ఆయన జీవితంలో ఏ మాటా వెనక్కి తీసుకున్నవాడు కాదు. ఆ రోజు కొత్తగా మొదలుపెట్టడం ఇష్టం లేకపోయింది.

"అవును, అన్నాను. అయితే ఏంటి? తలుపు తట్టినవాళ్ళు ఇవ్వాల్సిన సారాయి సీసాలు రెండూ సాయంత్రంలోగా తెమ్మను. ఉత్తి సబ్బునీళ్ళతో పిల్లనివ్వను."

మెషీన్ ఆగింది. లాక్ టిక్కుమని విడింది. సెర్వా మూత తెరిచి మేనమామ నల్లగుడ్డ బయటికి లాగింది. మరక పోయింది. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది. గుడ్డ మళ్ళీ తడుస్తోందని ఒబిరి కసిరాడు. అది ఆరకుండానే భుజాన వేసుకుని, ముసలాళ్ళతో కలిసి సభకి వెళ్ళాడు. దారి పొడుగునా నడిచినంత సేపూ బ్రష్షులు తను ఎలా రుద్దాడో వాళ్ళకి చెప్పాడు.

సోమవారం తకొరాడి లారీ బెడియాకో లేకుండానే వెళ్ళింది. ఈస్టరు తర్వాత పెళ్ళయింది. ఆ తలుపు తట్టడంలో మెషీన్ మోటారు కాలిపోయింది. బెడియాకో దాని తీగ రెండుసార్లు చుట్టి చూశాడు, ఒబిరి మూడుసార్లు చుట్టి చూశాడు. అది మళ్ళీ తిరగలేదు.